బోణీ వేళ వద్దన్న గొంతు

సభకు నమస్కారం.

ఇవాళ ఫిబ్రవరి 11. 1974లో ఇదే రోజున ఘంటసాల మద్రాసులో కన్నుమూశారు. అప్పటికి ఆయనకు 51 ఏళ్లు. ఆయన గొప్పతనం గురించి మీకు నేను కొత్తగా చెప్పేదేముంది? ఆయన పోయాక మన పాటకు ఏమైందో, అది మాత్రం కాస్త మాట్లాడతాను.

మా వీధి చివర ఒక టీ కొట్టుంది. మొన్న పొద్దున్నే ఫోన్‌లో ఘంటసాల భగవద్గీత వింటూ వెళ్లి బెంచీ మీద కూర్చున్నాను. కొట్టాయన గ్లాసులు కడుగుతూ, "మాస్టారూ, ఇంకా బోణీ కూడా కాలేదు, అది ఆపేద్దురూ" అన్నాడు. పక్కనున్న కుర్రాడైతే "ఎవరు పోయారు?" అంటూ రోడ్డు మీదికి తొంగి చూశాడు. ముందు నవ్వొచ్చింది. ఇంటికొచ్చాక మనసు చివుక్కుమంది.

ఒంట్లో బాగోని రోజుల్లో ఆయన పాడిన గీత అది. ఆయన పోయాకే రికార్డుగా విడుదలైంది. జనం ఎంత ఆదరించారంటే, చావింటి ముందు మైకులోనూ అదే, వైకుంఠ రథంలోనూ అదే. లేచి యుద్ధం చెయ్యమని అర్జునుడికి చెప్పిన మాటల్ని మనం ఇక లేవనివాళ్ల దగ్గర పెడుతున్నాం! దాంతో, ప్రేమ పాటలూ చిలిపి పాటలూ అన్నన్ని పాడిన మనిషి ఈ కాలం పిల్లలకు చావు కబురులా మిగిలాడు.

ఇక సినిమా సంగతి. 1962లో వచ్చిన 'గుండమ్మ కథ' గుర్తు చేసుకోండి. రామారావుకీ ఆయన గొంతే, నాగేశ్వరరావుకీ ఆయన గొంతే. సంగీతమూ ఆయనదే. ఇద్దరూ ఒకే గొంతుతో పాడుతున్నారేమిటని ఎవరూ అడగలేదు, ఎందుకంటే హీరో పాడితే అలాగే ఉంటుందని అందరి చెవులూ ఒప్పేసుకున్నాయి. ఆయన పోయాక ఆ చెవులకు అలవాటు తప్పించడం తేలికేమీ కాదు. ఆ ఛాయలో పాడిన వి. రామకృష్ణను జనం ఇష్టంగానే విన్నారు. బాలు దారి వేరు. అప్పటికే 1966 నుంచి పాడుతున్నాడు, కృష్ణకు బాగా కుదిరాడు. పెద్ద హీరోలిద్దరి పాటలూ చేతికొచ్చాక నటుణ్ని బట్టి గొంతు మార్చడం మొదలుపెట్టాడు. 1977 'అడవి రాముడు'లో రామారావు పాటలు, 1981 'ప్రేమాభిషేకం'లో నాగేశ్వరరావు పాటలు వరసగా వినండి. మాట విరుపు దగ్గరే తేడా తెలిసిపోతుంది. ఇది నా అభిప్రాయమే అనుకోండి, ఘంటసాల ఇంకో పదిహేనేళ్లు ఉంటే బాలుకు ఆ విద్య అంతగా అవసరపడేది కాదు.

2020 సెప్టెంబర్ 25న ఆ బాలు కూడా వెళ్లిపోయారు. ఈసారి ఆ కుర్చీలో ఎవరు కూర్చుంటారని ఎవరూ అడగలేదు. అప్పటికే సినిమాకు నలుగురైదుగురు పాడుతున్నారు మరి. వచ్చిన తగువు ఇంకొకటి. 2023 నాటి ఒక తెలుగు సినిమాలో తమను అడగకుండా ఆయన గొంతును ఏఐతో పుట్టించారంటూ కుటుంబం మరుసటి ఏడాది లీగల్ నోటీసు పంపింది. మనిషి పోయినా గొంతు కొత్త మాటలు పలుకుతుందన్నమాట. ఘంటసాల కుర్చీ కోసం ఎదురుచూసిన వాళ్లకు ఈ టెన్షన్ తెలియదు.

సరే, నా మాటలు చాలు. ఆర్కెస్ట్రా వాళ్లు శ్రుతి చూసుకుంటున్నారు. ఇప్పుడు వరసగా ఆయన యుగళగీతాలు పాడతారు. గీత మాత్రం ఇవాళ వద్దని నేనే చెప్పాను. బయట మన టీ కొట్టాయన కూడా నిలబడి ఉన్నాడు, ఎవరైనా లోపలికి పిలవండి.