దాచుకుని వేసుకునే మాత్ర

అందరికీ నమస్కారం.

ఇవాళ నవంబరు 17, జాతీయ మూర్ఛ దినం. మనకిది కార్తీకం కూడా. సోమవారాల ఉపవాసాలు, తెల్లవారుజామున చన్నీళ్ల స్నానాలు, అయ్యప్ప మాలలు, వరసగా పెళ్లిళ్లు. మా మందుల కౌంటర్ దగ్గర ఈ నెలలో ఒక మాట తరచూ వినపడుతుంది: "నాలుగు రోజులు మాత్ర తప్పిందమ్మా, రాత్రి మళ్లీ వచ్చింది." ఏం వచ్చిందో చెప్పరు. ఫిట్స్ అన్న మాట పైకి అనడానికి కూడా భయం.

నేను 22 ఏళ్లుగా ప్రభుత్వాసుపత్రిలో ఫార్మసిస్టుగా పనిచేస్తున్నాను. డాక్టర్ని కాను. ఎవరికి ఏ మందు, ఎంత మోతాదు అన్నది నేను చెప్పకూడదు. కాని చీటీ మీద రాసిన మందు ఇంటికి వెళ్లాక దాని గతి ఏమవుతుందో రోజూ చూస్తున్నాను. మా ఇంట్లోనూ చూశాను. మా తమ్ముడికి 16వ ఏట నుంచి ఫిట్స్.

అంతకుముందు ఏడాది నుంచే పొద్దున లేచిన కాసేపటికి వాడి చేతులు ఉలిక్కిపడేవి. కాఫీ గ్లాసు చేతిలోంచి ఎగిరి గోడకి తగిలేది. నిద్రమత్తు వదల్లేదని అమ్మ కేకలేసేది. ఇంటర్ పరీక్షలకి మూడు రాత్రులు మేలుకుని చదివాడు. నాలుగో రోజు పొద్దున పళ్లు తోముకుంటూ కుళాయి దగ్గర పడిపోయాడు. "పొద్దుట పూట చేతిలోంచి వస్తువులు జారిపోతుంటాయా?" అని డాక్టరు అడిగేదాకా ఆ గ్లాసుకీ ఈ జబ్బుకీ సంబంధం ఉందని మాకు తట్టలేదు. వాల్‌ప్రోయేట్ మొదలుపెట్టారు. ఏడేళ్లు ఒక్క ఫిట్ లేదు.

పెళ్లి కుదిరింది. అమ్మాయి వాళ్లకి మాత్రల సంగతి చెప్పలేదు. నాకు అన్నీ తెలుసు, అయినా నోరు మూసుకున్నాను. ఇంటి నిండా చుట్టాలు. స్ట్రిప్పు ఎవరి కంట పడుతుందోనని వాడు దాన్ని షేవింగ్ డబ్బాలో పెట్టాడు. ఆ డబ్బా ఉన్న సూట్‌కేసు విడిదింటికి వెళ్లిపోయింది. అడిగితే ఎందుకని అడుగుతారు కాబట్టి అడగలేదు. రెండు రోజుల మాత్రలు పోయాయి. ముహూర్తం రాత్రి 2 గంటల 40 నిమిషాలకి. పగలంతా ఉపవాసం, రాత్రంతా జాగరణ. తలంబ్రాలు అయ్యాయి, అరుంధతీ నక్షత్రం చూపించడానికి బయటికి తీసుకెళుతుంటే మండపం మెట్ల మీద పడ్డాడు.

పెళ్లి నిలబడింది. తెల్లవారాక ఆసుపత్రి వరండాలో ఆ పిల్ల, ఇంకా పసుపు బట్టల్లోనే ఉంది, నన్ను ఒకే ప్రశ్న వేసింది. "ముందే చెప్పి ఉంటే ఆ మాత్ర నేనే గుర్తుచేసేదాన్ని కదా వదినా?"

అప్పటినుంచి నేను చెబుతున్నది ఇదే. దాచుకుని వేసుకునే మాత్ర ఏదో ఒక రోజు తప్పుతుంది. హిందూ వివాహ చట్టంలో మూర్ఛ జబ్బును పెళ్లి రద్దుకు కారణంగా చూపే మాట ఒకప్పుడు ఉండేది, 1999లో దాన్ని తీసేశారు. చట్టం వదిలేసిన దాన్ని మనం ఇంకా పట్టుకుని ఉన్నాం.

ఒక్క మాత్ర తప్పితే అంత ప్రమాదమా అని అడుగుతారు. తలనొప్పి మాత్ర నొప్పి వచ్చినప్పుడు వేసుకుంటాం. ఇది అలాంటిది కాదు. మెదడులో విద్యుత్తు ఒక్కసారిగా చెలరేగకుండా పట్టి ఉంచే మందు ఇది, రక్తంలో దాని మట్టం నిలకడగా ఉన్నంతవరకే ఆ పట్టు. ఫిట్స్ రావట్లేదంటే గట్టు నిలబడి ఉందని అర్థం. వరద రావట్లేదు కదా అని గట్టు తవ్వుతామా? సరైన మందు సరిగా వాడితే 100 మందిలో 70 మంది ఫిట్స్ లేకుండా బతకగలరని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. హఠాత్తుగా మానేస్తే మాత్రం ఒకదాని వెనక ఒకటి ఆగకుండా ఫిట్స్ వచ్చి ప్రాణం మీదికి రావచ్చు. కనీసం రెండేళ్లు ఫిట్స్ లేకుండా గడిస్తే, మానొచ్చో లేదో డాక్టరు చూస్తారు, మానిపించినా నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మా తమ్ముడికున్న రకంలో మానేస్తే చాలామందికి తిరగబెడుతుంది. వాడు ఇప్పటికీ వేసుకుంటున్నాడు, అందరి ముందే.

పొరపాటున ఒక పూట మరిచిపోతే, గుర్తొచ్చిన వెంటనే వేసుకోండి. తర్వాతి పూట దగ్గరపడిపోతే మాత్రం మరిచిన దాన్ని వదిలేయండి. రెండూ కలిపి మింగొద్దు. ఒక రోజు పూర్తిగా తప్పినా, మందు వాంతిలో పోయినా ఏం చేయాలో మీ డాక్టర్ని ముందే అడిగి చీటీ వెనక రాయించుకోండి. ఆ ఘడియ వచ్చాక అడిగే తీరిక ఉండదు.

ఇక నా కౌంటర్ సంగతి. పోయిన వారం ఒక పెద్దాయన పేపరు పొట్లంలో నాలుగు తెల్లమాత్రలు తెచ్చి "ఇవే ఇవ్వమ్మా" అన్నాడు. పేరు లేదు, రేకు లేదు. తెల్లగా గుండ్రంగా ఉండే మాత్రలు మా అల్మరాలో ఎన్నో ఉన్నాయి! ఏవని ఇవ్వను? స్ట్రిప్పు కత్తిరించి ఇస్తే పేరో, గడువు తేదీయో అవతలి ముక్కలో ఉండిపోతుంది. కత్తిరించొద్దని అడగండి. ఇంకోటి, వాల్‌ప్రోయేట్ మాత్రలు గాలిలో తేమ పీల్చుకుంటాయి. వారానికి సరిపడా రేకులోంచి తీసి డబ్బాలో పోస్తే మెత్తబడి పాడవుతాయి. మింగే ముందే రేకు చించండి. పేరు పక్కన సీఆర్, ఈఆర్, క్రోనో అని ఉంటే నెమ్మదిగా కరిగే మాత్ర, నూరకూడదు, నమలకూడదు. పిల్లల సిరప్ ఫెనిటాయిన్ అయితే సీసా బాగా కుదిపి పోయాలి. కుదపకపోతే పైన పలచగా, అడుగున చిక్కగా ఉంటుంది. నెల మొదట్లో ఫిట్స్, నెలాఖరుకి తూలడం, రెండూ ఆ ఒక్క సీసా వల్లే.

ఫెనిటాయిన్ గురించి ఇంకాస్త చెప్పాలి. 1938 నుంచి వాడుకలో ఉన్న మందు, చవక, మన ఆసుపత్రుల్లో ఉచితంగా దొరుకుతుంది, లక్షల మందిని నిలబెట్టింది. కాని దాని లెక్క వేరు. 300 మిల్లీగ్రాములు 400 చేస్తే రక్తంలో మూడో వంతే పెరుగుతుందనుకోకండి, రెట్టింపు కూడా కావచ్చు. అందుకే "ఇంకో మాత్ర వేసుకుంటే పోలా" అన్న ఆలోచన ఈ మందుతో అసలు పనికిరాదు.

1968 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని బ్రిస్బేన్‌లో ఫెనిటాయిన్ వాడేవాళ్లు ఉన్నట్టుండి తూలడం మొదలుపెట్టారు. మాట ముద్దగా వచ్చేది, ఒకటి రెండుగా కనిపించేది. అందరూ ఎప్పటిలాగే అదే మందు, అంతే మోతాదు వేసుకుంటున్నారు. చివరికి తేలింది ఏమిటంటే, ఆ మందు క్యాప్సూల్ గొట్టం నింపడానికి కలిపే పొడిని కాల్షియం సల్ఫేట్ నుంచి లాక్టోజ్‌కి మార్చారు. ఆ చిన్న మార్పుతో మందు ఒంట్లోకి ఎక్కువగా ఎక్కింది. నేను దీన్ని చెప్పేది జనరిక్ మందులంటే భయపెట్టడానికి కాదు. జన ఔషధి కేంద్రంలో కొన్నా మంచిదే, డబ్బు మిగిలితే మందు మధ్యలో ఆగదు. ఏదో ఒక కంపెనీది పట్టుకుని దాని మీదే ఉండండి. "అది లేదు, ఇదీ అదే" అని కొట్లో ఇంకోటిస్తే ఇంటికెళ్లే ముందు మీ డాక్టరుకి ఫోన్ చేయండి. వారం మాత్రలు మిగిలి ఉండగానే కొనుక్కోండి. పండక్కి కొట్లు మూసేస్తారు, మన జబ్బుకి సెలవు లేదు.

మానేయొద్దు అని ఇంత గట్టిగా చెబుతున్నాను కాబట్టి ఈ ఒక్కటి శ్రద్ధగా వినండి. కార్బమజెపైన్, ఫెనిటాయిన్, లామోట్రిజిన్ లాంటివి కొత్తగా మొదలుపెట్టిన మొదటి రెండు నెలల్లో ఒంటిమీద దద్దుర్లు వస్తే, జ్వరం, కళ్లు ఎర్రబడటం, నోట్లో పుండ్లు, చర్మం ఊడటం కనిపిస్తే, తర్వాతి పూట మాత్ర వేళ దాకా ఆగకండి, ఆ గంటలోనే పెద్దాసుపత్రికి వెళ్లండి. అమ్మవారు పోసిందనుకుని వేపమండలు కట్టి ఇంట్లో ఉంచిన బిడ్డని చివరి ఘడియలో తెస్తే చూశాను. ఆ మందు స్ట్రిప్పు కూడా వెంట తీసుకెళ్లండి.

పక్క జబ్బుకి వేరే డాక్టర్ దగ్గరికి వెళ్లినా ఇదే మాట, దాచకండి. క్షయకి ఇచ్చే రిఫాంపిసిన్ ఫెనిటాయిన్‌ని రక్తంలో తగ్గిస్తుంది, ఐసోనియాజిడ్ పెంచుతుంది. నడుంనొప్పికి రాసే ట్రమడాల్ ఫిట్స్‌ని రేపగలదు. గర్భం రాకుండా వేసుకునే మాత్రలు ఫెనిటాయిన్, కార్బమజెపైన్, గార్డినాల్ అనే ఫిట్స్ మందుల ముందు బలహీనపడతాయి. ఫిట్స్ మందు సంగతి మీరు చెప్పకపోతే ఆ డాక్టరుకి ఎలా తెలుస్తుంది? ఇక నాటు మందు. ఆకుపసరు పేరుతో అమ్మిన పొడుల్లో గార్డినాల్ కలిపి ఉన్నట్టు పరీక్షల్లో బయటపడిన సందర్భాలున్నాయి. అంటే ఎంత వేసుకుంటున్నారో తెలియకుండా ఇంగ్లీషు మందే వేసుకుంటున్నారన్న మాట.

ఆడపిల్లల తల్లులు ఇక్కడ చాలామంది కనిపిస్తున్నారు. వాల్‌ప్రోయేట్ మంచి మందు, కాని కడుపుతో ఉన్నప్పుడు వాడితే 100 మంది పిల్లల్లో సుమారు 10 మందికి పుట్టుకలోపాలు, 30 నుంచి 40 మందికి ఎదుగుదలలో, చదువులో వెనకబాటు కనిపించాయి. మన అమ్మాయికి అదే మందు రాసి ఉంటే పెళ్లి మాటలప్పుడే డాక్టర్ని కలవండి. లామోట్రిజిన్, లెవెటిరాసిటమ్ లాంటి మెరుగైన దారులున్నాయి, ఫోలిక్ యాసిడ్ ముందునుంచే మొదలుపెడతారు. నెల తప్పిందని తెలియగానే అత్తగారు మాత్రలు మాన్పించడం, మూడో నెలలో ఆ పిల్ల పొయ్యి దగ్గర పడిపోవడం నాకు తెలుసు. మార్చడమైనా తగ్గించడమైనా డాక్టరు చేతిలోనే జరగాలి. ఒక మందు మొదలుపెట్టాక పిల్లో పిల్లవాడో ఊరికే చిరాకు పడుతున్నా, చచ్చిపోవాలని మాట్లాడుతున్నా మొండితనం అనుకోకండి. అది మందు వల్ల కూడా కావచ్చు, వెంటనే చెప్పండి.

మాల వేసుకున్న స్వాములకి ఒక మాట. మందు వేసుకుంటే దీక్ష చెడుతుందని నాకు తెలిసిన ఏ గురుస్వామీ అనలేదు. రంజాన్‌కి కూడా రోజా మొదలయ్యే ముందే డాక్టరుతో మాట్లాడి వేళలు మార్చుకోవచ్చు. శివరాత్రి జాగారం మాత్రం వద్దు, నిద్ర తప్పడం ఈ జబ్బుకి నిప్పు. నదీస్నానానికి ఒంటరిగా దిగొద్దు, పక్కన సంగతి తెలిసిన మనిషి ఉండాలి.

ఆ పక్కనున్న మనిషి చేయాల్సిందీ కొంచెమే. పక్కకి ఒత్తిగిలి పడుకోబెట్టాలి, గడియారం చూడాలి. చేతిలో తాళాలు, నోట్లో స్పూను, నీళ్లు ఏవీ వద్దు. మాత్ర కూడా వద్దు, పూర్తిగా తెలివొచ్చాకే. 5 నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ మొదలైనా 108కి ఫోన్ చేయాలి. ముక్కులో కొట్టే మిడజోలం స్ప్రే డాక్టరు రాసి ఉంటే, అది ఎక్కడుందో ఇంట్లో అందరికీ తెలియాలి.

నేను ఆ కిటికీ పక్కన బల్ల దగ్గర కూర్చుంటాను. మీ సంచుల్లో, కొంగు ముడుల్లో ఉన్న స్ట్రిప్పులు, పొట్లాలు తీసుకురండి. పేరు, ఎంత, ఏ పూట అన్నది తెలుగులో పెద్ద అక్షరాలతో రాసిస్తాను. రెండు కాగితాలు రాస్తాను. ఒకటి మీ జేబుకి, ఒకటి మీ ఇంట్లో ఫ్రిజ్ తలుపు మీదకి.