నెలనెలా ఖాతాలోంచి పోయే డబ్బు: శ్రోతల ప్రశ్నలు

వ్యాఖ్యాత: నమస్కారం. స్టూడియోలో విశ్రాంత బ్యాంకు మేనేజరు గారు ఉన్నారు. మొదటి ఫోను తెనాలి నుంచి. చెప్పండమ్మా.

శ్రోత (తెనాలి): నమస్కారం బాబూ. మొన్న పాస్‌బుక్కు ప్రింటు వేయించుకున్నాను. ఆ యంత్రం దగ్గర ఎప్పుడూ వరుసే, ఒకసారి పనిచేస్తే ఒకసారి పనిచేయదు. సరే, చూస్తే 199 చొప్పున అయిదు నెలలు పోయింది. మావారు పోయాక వచ్చే పింఛను అది. నేను ఏమీ కొనలేదు.

మేనేజరు: దానికి ముందు ఒక్క రూపాయి పోయిందేమో చూడండి.

శ్రోత: ఉండండి, కళ్ళజోడు... ఆఁ, ఉంది. సంక్రాంతికి మా మనవడు వచ్చాడు. రెండేసి నిమిషాల సీరియళ్ళట, రూపాయికే వస్తాయని నా ఫోనులో పెట్టాడు. పిన్ అడిగితే నేనే కొట్టాను. రూపాయే కదా అని.

మేనేజరు: ఆ రూపాయి ధర కాదమ్మా, బయానా. ఇక నెలనెలా 199 తీసుకోవచ్చని మీరు అనుమతి ఇచ్చారు. దాన్ని యూపీఐ ఆటోపే అంటారు. పిన్ కొట్టడమంటే సంతకం పెట్టడమే.

శ్రోత: ఆ యాప్ ఎప్పుడో తీసేశాను బాబూ!

మేనేజరు: యాప్ తీసేస్తే అనుమతి పోదు. పేపరు చదవడం మానేసినంత మాత్రాన పేపరు అబ్బాయి బిల్లు మానేస్తాడా? మీరు కూరల కొట్లో డబ్బు కట్టే యూపీఐ యాప్ ఉంది కదా, అది తెరవండి. పైన మీ బొమ్మ మీద నొక్కితే ఆటోపే అని కనిపిస్తుంది. అందులో ఆ కంపెనీ పేరు, 199 ఉంటాయి. దాన్ని రద్దు చేయండి.

శ్రోత: నా ఎల్ఐసీ ప్రీమియం కూడా అలాగే పోతుంది. అదీ ఆగిపోతుందా?

మేనేజరు: ఆగదు. దేని అనుమతి దానిదే. అందుకే పేరు చదివి నొక్కమంటున్నాను.

శ్రోత: మరి పోయిన 995?

మేనేజరు: అదే కష్టం. పిన్ మీరే కొట్టారు కాబట్టి బ్యాంకు దీన్ని దొంగతనంగా చూడదు. కంపెనీకి రాతపూర్వకంగా అడగండి. నెలకు 199 అన్న సంగతి కనపడకుండా దాచి రూపాయికి ఒప్పించడం, రద్దు చేసే దారి మూసేయడం వంటి ఎత్తుగడలపై 2023లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. వినియోగదారుల సహాయ నంబరు 1915కు చెప్పండి. వస్తుందని మాట ఇవ్వలేను.

శ్రోత: కంపెనీ నంబరు ఇంటర్నెట్‌లో వెతికి ఫోను చేశాను. ఆ అబ్బాయి ఎంతో మర్యాదగా మాట్లాడాడు. నా ఫోను తెర అతనికి కనిపించేలా ఏదో యాప్ వేసుకోమన్నాడు.

మేనేజరు: వేసుకున్నారా?

శ్రోత: లేదు, అప్పుడే పాలవాడు వచ్చాడు.

మేనేజరు: ఆ పాలవాడికి దండం పెట్టండమ్మా! 995 కోసం వెళ్ళి ఖాతా మొత్తం పోగొట్టుకునేవారు. ఇంకెప్పుడూ అలా వెతికిన నంబరుకు చేయవద్దు.

శ్రోత: సరే బాబూ. అయితే యాప్ తీసేశాను కాబట్టి వచ్చే నెల...

మేనేజరు: పోతుందమ్మా! మళ్ళీ చెబుతున్నాను, యాప్ తీసేస్తే అనుమతి పోదు. ముందు రద్దు చేయండి, తర్వాతే మిగతావి.

వ్యాఖ్యాత: ధన్యవాదాలమ్మా. కరీంనగర్.

శ్రోత (కరీంనగర్): సార్, క్రెడిట్ కార్డులో ఏదో విదేశీ వెబ్‌సైటు పేరుతో 1,140 పోయింది. ఓటీపీ రాలేదు. ఆ సైటు నేను చూడనే లేదు.

మేనేజరు: ఇది వేరు. మీరు అనుమతించలేదు. బ్యాంకు సందేశం ఎప్పుడు వచ్చింది?

శ్రోత: నిన్న రాత్రి.

మేనేజరు: అయితే ఇప్పుడే కార్డు ఆపించి ఫిర్యాదు ఇవ్వండి, ఫిర్యాదు నంబరు రాసుకోండి. ఇందులో మీ తప్పు, బ్యాంకు తప్పు లేనప్పుడు మూడు పనిదినాల్లో చెబితే మీ బాధ్యత సున్నా. రిజర్వు బ్యాంకు 2017లో పెట్టిన నిబంధన ఇది. ఆలస్యమైతే భారం మీ మీద పడుతుంది. చాలా విదేశీ సైట్లు ఓటీపీ అడగవు కాబట్టి కార్డులో అంతర్జాతీయ చెల్లింపులు ఆపేసి ఉంచండి. బ్యాంకు 30 రోజుల్లో తేల్చకపోతే అంబుడ్స్‌మన్ అని, బ్యాంకుల మీద ఫిర్యాదులు వినే రిజర్వు బ్యాంకు అధికారి ఉన్నారు, 14448కి ఫోను చేస్తే వివరాలు చెబుతారు.

వ్యాఖ్యాత: విజయనగరం, క్లుప్తంగా.

శ్రోత (విజయనగరం): ఏటా మే నెలలో 436 పోతోందండీ. ఏ యాప్ ఇది?

మేనేజరు: యాప్ కాదు, జీవన్ జ్యోతి బీమా. రెండు లక్షల జీవిత బీమాకు ఏడాది ప్రీమియం. ఎప్పుడో ఫారం మీద సంతకం పెట్టి ఉంటారు. పెట్టలేదంటే ఆ ఫారం చూపించమని శాఖలో అడగండి. వద్దనుకుంటే అక్కడే రాసి ఇవ్వండి. కానీ ఆపే ముందు ఇంట్లోవాళ్ళను అడగండి.

వ్యాఖ్యాత: సమయం అయిపోతోంది. తెనాలి నుంచి అమ్మ మళ్ళీ లైనులో ఉన్నారట.

శ్రోత (తెనాలి): బాబూ, మీరు చెప్పినట్టే వెళ్ళాను. రద్దు నొక్కితే పిన్ అడుగుతోంది. పిన్ కొడితే సంతకం పెట్టినట్టేనన్నారు కదా, భయమేసి ఆగిపోయాను.

మేనేజరు: (నవ్వుతూ) మంచి పని చేశారు. తెర మీద ఏమి రాసి ఉందో చదవండి.

శ్రోత: రద్దు అనే ఉంది. కింద ఆ సీరియళ్ళ కంపెనీ పేరు, 199.

మేనేజరు: ఎల్ఐసీ కాదు కదా?

శ్రోత: కాదు.

మేనేజరు: అయితే కొట్టండమ్మా. రద్దు కాగితం మీదా సంతకం కావాలి కదా.

శ్రోత: కొట్టాను... పచ్చగా టిక్కు వచ్చింది బాబూ.