వంటింట్లో దీపం వెలిగిన ఇళ్లు

శ్రోతలకు నమస్కారం.

చలికాలం. ఉదయం ఆరు కావస్తోంది, ఇంకా చీకటి విడలేదు. వీధి వెంట నడుస్తూ పోతే రెండు రకాల ఇళ్లు కనిపిస్తాయి. కొన్ని చీకట్లో ముడుచుకుని నిద్రపోతున్నాయి. కొన్నింటి వంటింట్లో దీపం వెలుగుతోంది, లోపల మనుషులు హడావుడిగా తిరుగుతున్నారు. దీపం వెలిగిన ఇల్లు కార్మికుడిది. ఏడింటికల్లా అతను ఫ్యాక్టరీలో ఉండాలి. చీకటిగా ఉన్న ఇల్లు షాపు యజమానిదో, ప్లీడరుదో. ఊరు మొత్తం ఎన్ని వర్గాలుగా చీలి ఉందో లెక్కలు తీయక్కర్లేదు, పొద్దున్నే ఒక చుట్టు తిరిగొస్తే చాలు.

ఇది అమెరికాలో ఇండియానా రాష్ట్రంలోని మన్సీ అనే ఊరు. 1924 నాటి మాట. అలా తిరిగి చూసి రాసుకున్నవాళ్లు ఇద్దరు, భార్యాభర్తలు. ఆయన రాబర్ట్ లిండ్, ఆవిడ హెలెన్ లిండ్.

అమెరికా సంస్కృతి మన పిల్లల్ని ఏం చేస్తోందన్న మాట మన ఇళ్లలో రోజూ ఉండేదే. జీన్స్ దగ్గర మొదలై పిజ్జా మీదుగా డాలర్ల దాకా పోతుంది ఆ చర్చ. ఆ సంస్కృతి ముందుగా అమెరికా వాళ్లనే ఏం చేసిందన్న ప్రశ్న మాత్రం మనకు తోచదు. ఈ దంపతులు అడిగింది ఆ ప్రశ్నే.

నిజానికి వాళ్లను పంపింది వేరే పనికి. రాబర్ట్ లిండ్ మతశాస్త్రం చదివినవాడు, ఒక చమురు క్యాంపులో కొన్నాళ్లు ప్రసంగాలు చేసినవాడు. రాక్‌ఫెల్లర్ డబ్బుతో నడిచే ఒక పరిశోధన సంస్థ, ఒక చిన్న పట్టణంలో మతం ఎలా ఉందో చూసి రమ్మంది. తీరా వెళ్లాక అర్థమైంది, మతాన్ని ఒక్కదాన్నీ విడదీసి చూడటం కుదరదని. ఆదివారం చర్చికి రాని మనిషి ఎందుకు రాలేదో తెలియాలంటే, శనివారం దాకా అతను ఏ పని చేశాడో, ఎంత సంపాదించాడో, ఎక్కడ తిరిగాడో తెలియాలి కదా. అందుకని ఊరునంతా చూద్దామనుకున్నారు. జనాభా సుమారు 38,000. ఏడాదిన్నర పాటు పని సాగింది.

చూడటానికి వాళ్లు పెట్టుకున్న పద్ధతి నాకు భలే నచ్చుతుంది. బతుకుతెరువు, ఇల్లు, పిల్లల పెంపకం, తీరిక వేళలు, మతం, ఊరి పనులు. ఈ ఆరు గదుల్లో ఊరి జీవితమంతా పట్టేస్తుందన్నారు. ఈ ఆరింటికీ ఆధారం రివర్స్ అనే ఇంగ్లండు మానవశాస్త్రజ్ఞుడు. ఈ రివర్స్ ఎవరో కాదు, మన నీలగిరుల్లో తోడాలనే గిరిజనుల మధ్య తిరిగి, 1906లో వాళ్ల మీద పెద్ద పుస్తకం రాసిన పెద్దమనిషి. అప్పటిదాకా తెల్లవాళ్లు ఆ కొలబద్ద పట్టుకుని కొండల్లోకీ దీవుల్లోకీ వెళ్లేవారు. లిండ్ దంపతులు దాన్ని తెచ్చి సొంత దేశంలో, టై కట్టుకుని బ్యాంకుకు వెళ్లేవాళ్ల పక్కన పెట్టారు. తోడాలు బర్రెల కోసం చేసే క్రతువును ఎంత శ్రద్ధగా రాసుకోవాలో, మన్సీ గృహిణి సోమవారం బట్టలుతకడాన్నీ అంతే శ్రద్ధగా రాసుకోవాలన్నమాట.

ఇంకో తెలివైన పని చేశారు. 1924 ఒక్కటే చూస్తే ఏది మారిందో తెలీదు. అందుకని పాత పేపర్లు, డైరీలు, సంఘాల మినిట్స్ పుస్తకాలు తిరగేసి, పెద్దవాళ్లను అడిగి, 1890 నాటి ఊరును ముందు నిలబెట్టుకున్నారు. ఒకవైపు తాతల ఊరు, ఒకవైపు మనవల ఊరు.

ఒకాయన వాళ్లతో అన్నాడట: ఈ దేశాన్ని మారుస్తున్నదేమిటో తెలుసుకోవడానికి ఇంత పరిశోధన దేనికి, నాలుగు అక్షరాల్లో చెప్తాను, ఏ, యూ, టీ, ఓ. ఆటో, అంటే కారు. 1900లో ఆ ఊళ్లోకి మొదటి కారు వచ్చింది. 1923 చివరికి 6,221 కార్లు. మూడు కుటుంబాలకు రెండు కార్లు వచ్చినట్టు. ఒక తల్లికి తొమ్మిదిమంది పిల్లలు. ఆవిడ ఏమందంటే, బట్టలు లేకపోయినా ఫర్వాలేదు గానీ కారు వదలం. ఇంకొకావిడ తిండయినా మానుకుంటానంది. కారున్న కుటుంబాల్లో 26 ఇళ్ల స్నానాల గది సంగతి వాళ్లకు తెలిసింది. అందులో 21 ఇళ్లలో బాత్‌టబ్ లేదు. ఇల్లు తాకట్టు పెట్టి కారు కొన్నవాళ్లూ ఉన్నారు.

నవ్వొస్తోందా? మా వీధిలో ఒక ఇల్లుంది. గోడలకు ఇంకా ప్లాస్టరింగ్ కాలేదు, ఇటుకలు అలాగే కనిపిస్తుంటాయి. గేటు దగ్గర మాత్రం కారు, దాని మీద కవరు. ఈఎమ్ఐ ఇంకా నాలుగేళ్లుందని ఆయనే చెప్పాడు, కాస్త గర్వంగానే. వాయిదాల మీద కొనడం అనే అలవాటు సామాన్య కుటుంబాన్ని ఎలా పట్టుకుందో మన్సీలో వందేళ్ల క్రితమే రాసిపెట్టారు. ముందు వస్తువు, తర్వాత సంపాదన. 1890 నాటి తాతకు ఇది తలకిందుల వ్యవహారం.

కారు వచ్చాక ఆదివారం పోయింది. చర్చికి వెళ్లే వేళకు కుటుంబం షికారుకు బయల్దేరింది. సాయంత్రం వరండాలో కూచుని పక్కింటివాళ్లతో మాట్లాడే పని తగ్గింది. హైస్కూలు పిల్లల్ని, మీకూ ఇంట్లోవాళ్లకూ గొడవ దేని గురించని అడిగితే, రాత్రి ఎన్నింటికి ఇల్లు చేరావన్నది ముందు చెప్పారు. ఆ జాబితాలో కారు తాళాల పేచీ కూడా ఉంది.

తల్లుల్ని ఒక ప్రశ్న అడిగారు: పిల్లల్లో ఏ గుణం ముఖ్యం? ఎక్కువమంది చెప్పింది చెప్పిన మాట వినడం, చర్చి మీద భక్తి. సరిగ్గా మన అమ్మమ్మలు చెప్పే జవాబు. అమెరికా వాళ్లంటే పుట్టుకతోనే స్వతంత్రులని మనం అనుకుంటాం కదా! 1970ల చివర థియోడర్ కాప్లో అనే ఆచార్యుడి బృందం అదే ఊరికి మళ్లీ వెళ్లి అదే ప్రశ్న అడిగింది. అప్పటికి జవాబు తిరగబడింది: సొంతంగా ఆలోచించడం, సొంత కాళ్ల మీద నిలబడటం. యాభై ఏళ్లు పట్టింది ఆ మాట నోట్లోకి రావడానికి. అలాగని కుటుంబమూ మతమూ కూలిపోయాయా అంటే, లేదు, బాగానే నిలబడి ఉన్నాయన్నది కూడా కాప్లో బృందం తేల్చిన విషయమే.

లిండ్ దంపతులు రాసింది చూసి పంపిన సంస్థ జడిసింది, అచ్చు వేయనంది. 1929లో వేరే ప్రచురణకర్త వేస్తే విపరీతంగా అమ్ముడుపోయింది. పుస్తకంలో ఊరి పేరు మిడిల్‌టౌన్ అని మార్చారు గానీ, అది మన్సీ అని అందరికీ త్వరలోనే తెలిసిపోయింది. దాంతో వచ్చిన తంటా ఏమిటంటే, సగటు అమెరికా ఎలా ఉంటుందో చూడాలంటే మన్సీకి వెళ్లడం రివాజైంది. సరుకులు అమ్ముకునేవాళ్లు వెళ్లారు, ప్రకటనల వాళ్లు వెళ్లారు, 1937లో లైఫ్ పత్రిక తరఫున మార్గరెట్ బర్క్-వైట్ కెమెరాతో వెళ్లింది. మామూలుగా బతుకుతున్న జనానికి, మీరే అసలు సిసలు అమెరికా అని చెప్పారు. అద్దం ముందు నిలబెట్టాక ఎవరైనా జుట్టు సర్దుకోకుండా ఉంటారా?

1935లో రాబర్ట్ లిండ్ మళ్లీ వెళ్లాడు. ఆర్థిక మాంద్యం నడుస్తోంది. ఈసారి కన్ను ఒక కుటుంబం మీద పడింది. గాజు సీసాల వ్యాపారంలో పెరిగిన బాల్ కుటుంబం. పని కావాలంటే వాళ్ల ఫ్యాక్టరీ, డబ్బు కావాలంటే వాళ్ల బ్యాంకు, చదువుకు వాళ్ల కాలేజీ, జబ్బు చేస్తే వాళ్ల ఆసుపత్రి అని ఊరివాడొకడు వేళ్లు మడిచి లెక్కపెట్టాడు. ఇదేదో మన జిల్లాల్లో పెద్దిళ్ల గురించి విన్నట్టే ఉంటుంది.

ఇంత చూసినవాళ్లు ఒకటి చూడలేదు. చూడదలచుకోలేదు అనడమే సబబు. లెక్క తేలిగ్గా ఉండాలని, తెల్లవాళ్లే ఎక్కువగా ఉన్న ఊరని మన్సీని ఎంచుకున్నారు. ఆ ఊళ్లో నూటికి ఐదారుగురు నల్లవాళ్లు. అప్పటి న్యూయార్కులో, షికాగోలో కూడా జనాభాలో అంత వాటా లేదు. అయినా సగటు అమెరికాలోంచి వాళ్లు తప్పిపోయారు. సగటు అన్న మాట వినగానే, ఎవర్ని కలిపి భాగించారని అడగాలని నాకు అనిపించేది ఇందుకే.

హర్లీ గుడాల్ అనే నల్లజాతి పెద్దమనిషి ఆ ఊరివాడే. అగ్నిమాపక దళంలో పనిచేశాడు, తర్వాత రాష్ట్ర శాసనసభకు వెళ్లాడు. తనవాళ్ల ఫొటోలు, కాగితాలు, పాత ముచ్చట్లు ఏళ్ల తరబడి పోగేశాడు, పుస్తకంలో లేరు గనక. చివరికి లూక్ ఎరిక్ లాసిటర్ అనే మానవశాస్త్రజ్ఞుడితో కలిసి, బాల్ స్టేట్ విశ్వవిద్యాలయం విద్యార్థుల్ని వెంటబెట్టుకుని పని మొదలుపెట్టాడు. బాల్ అన్న పేరు గుర్తుంది కదా, ఆ కుటుంబమే. విద్యార్థులు నల్లవాళ్ల ఇళ్లకు వెళ్లి, కూచుని, విని, రాసినదాన్ని మళ్లీ వాళ్లకే చదివి వినిపించి, తప్పులుంటే దిద్దుకున్నారు. 2004లో పుస్తకం వచ్చింది. అందులో అధ్యాయాలు మళ్లీ ఆ ఆరే: బతుకుతెరువు, ఇల్లు, పిల్లల పెంపకం, తీరిక వేళలు, మతం, ఊరి పనులు.

నమస్కారం.