బయాప్సీ రిపోర్టుకీ ఆపరేషన్‌కీ మధ్య రోజులు

అందరికీ నమస్కారం. ఇక్కడ కూర్చున్నవాళ్లలో కొందరికి బయాప్సీ రిపోర్టు అంది వారం కూడా అయి ఉండదు. కొందరు అమ్మ కోసమో, భార్య కోసమో, అక్క కోసమో వచ్చారు. గర్భసంచి లోపలి పొరలో మొదలయ్యే క్యాన్సర్ గురించి, అది తొలిదశలో బయటపడినప్పుడు ఆ కబురుతో ఎలా నెట్టుకురావాలన్న దాని గురించి మాట్లాడతాను. గర్భసంచి ముఖద్వారానికి వచ్చే క్యాన్సర్ వేరే జబ్బు. దాని కారణం వేరు, వైద్యం వేరు. ఇంటర్నెట్‌లో ఒకదాని గురించి వెతుకుతూ ఇంకోదాని గురించి చదివి హడలిపోయేవాళ్లు చాలామంది ఉంటారు కాబట్టి ముందే చెబుతున్నాను.

"తొలిదశే కదా, ఏం కాదులే" అన్న మాట మీరు ఈపాటికే వినుంటారు. అన్నవాళ్లు ప్రేమతోనే అన్నారు. కానీ ఆ మాట విన్నాక మనసారా ఏడవడానికి కూడా మొహమాటం అడ్డొస్తుంది. నాకన్నా పెద్ద కష్టంలో ఉన్నవాళ్లుండగా నేనెందుకిలా అయిపోతున్నానని తమని తామే తిట్టుకునే ఆడవాళ్లను చాలామందిని చూశాను. క్యాన్సర్ అన్న మాట చెవిన పడ్డాక నిద్ర పట్టకపోవడానికి దశతో పని లేదు. జబ్బు తొలిదశలో ఉండటం నిజం, మీ భయమూ నిజమే.

ముందు ధైర్యం చెప్పే సంగతి చూద్దాం. నెలసరి ఆగిపోయిన తర్వాత మళ్లీ రక్తం కనిపించడం, లేదా ఒక నెలసరికీ ఇంకో నెలసరికీ మధ్యలో కనిపించడం, ఈ క్యాన్సర్ ఉన్నవాళ్లలో నూటికి 90 మందికి ఉండే లక్షణం. అందుకే ఇది ఎక్కువగా గర్భసంచి దాటకముందే దొరుకుతుంది. అలా దొరికినవాళ్లలో ఐదేళ్ల మనుగడ దాదాపు 95 శాతమని అమెరికన్ క్యాన్సర్ సొసైటీ లెక్క. ఇది ఎందరివో కలిపి తీసిన సగటు. మీ వయసు, ఇతర జబ్బులు, మీ కణాల రకం అందులో లేవు. వాటి గురించి మీ డాక్టర్‌ని విడిగా అడగాలి.

ఇప్పుడు అసలు విషయం. ఏ రిపోర్టు ఏ సంగతి చెబుతుందో తెలిస్తే టెన్షన్ సగం తగ్గుతుంది. బయాప్సీ చెప్పేది కణాలు ఏ రకమో, గ్రేడు ఎంతో, అంటే అవి మామూలు కణాలకు ఎంత భిన్నంగా ఉన్నాయో. ఎంఆర్‌ఐ స్కాన్ క్యాన్సర్ గర్భసంచి గోడలోకి ఎంత లోతుకు వెళ్లిందో అంచనా వేస్తుంది. అసలు దశ ఏమిటన్నది, గర్భసంచి తీసి, ల్యాబ్‌లో మైక్రోస్కోపు కింద చూశాకే ఖాయమవుతుంది. ఇవాళ డాక్టర్ "తొలిదశ" అన్నారంటే అది మంచి ఆధారాలున్న అంచనా. ఈ సంగతి ముందే చెప్పకపోతే ఏమవుతుందంటే, ఆపరేషన్ తర్వాత రేడియేషన్ మాట ఎత్తగానే, "పాకిపోయింది, నా దగ్గర దాచారు" అని ఇల్లంతా కుదేలైపోతుంది. చాలాసార్లు ఆ రేడియేషన్ మళ్లీ రాకుండా జాగ్రత్త కోసమే. గర్భసంచి తీసిన చోట, యోని పైభాగంలో మాత్రమే, బ్రాకీథెరపీ పేరుతో కొన్ని విడతలు ఇస్తారు.

ఆ చివరి రిపోర్టులో ఒక వాక్యాన్ని దగ్గరగా చూద్దాం. "మయోమెట్రియం ఇన్వేషన్ 3 మి.మీ., గోడ మందం 14 మి.మీ." అని ఉందనుకోండి. క్యాన్సర్ కండర గోడలోకి సగం లోపే దిగింది. సాధారణ రకమై, గర్భసంచి దాటకుండా ఉంటే అది 1ఎ. సగమో, అంతకు మించో దిగితే 1బి. దాని కిందే లింఫు నాళాల్లో, రక్తనాళాల్లో కణాలు కనిపించాయా లేదా అని ఉంటుంది. ఆ లైను వైద్యాన్ని మార్చగలదు కాబట్టి తప్పకుండా అడగండి. 2023లో దశల పట్టికను సవరించి కణాల రకాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. దాని ప్రకారం దూకుడు రకమైతే గర్భసంచి దాటకపోయినా రెండో దశ అని రాయవచ్చు. ఆ అంకె చూసి కంగారు పడేముందు ఏ పట్టిక ప్రకారం రాశారో కనుక్కోండి.

"ఈ లోపు పాకిపోతుందేమో" అన్నది రాత్రిపూట పీడించే ప్రశ్న. ఎక్కువమందికి వచ్చే రకం మెల్లగా పెరుగుతుంది. పరీక్షలకు, సన్నద్ధతకు పట్టే కొన్ని వారాల వల్ల సాధారణంగా నష్టం జరగదు. నెలల తరబడి వాయిదా వేయడం మాత్రం వద్దు. ఈ రోజుల్లో షుగర్, బీపీ అదుపులోకి తెచ్చుకోండి. రక్తం తక్కువగా ఉంటే మందులు వాడండి. రోజూ నడవండి. ఒక నోట్‌బుక్‌లో ఎదురెదురు పేజీలు తీసుకోండి. ఒక పేజీలో డాక్టర్‌ని అడగాల్సినవి, రెండో పేజీలో ఇవాళ ఎవరూ జవాబు చెప్పలేనివి రాయండి. రెండో పేజీలో రాసినవాటిని రాత్రంతా నెమరువేయడం వల్ల జవాబు త్వరగా రాదు. డాక్టర్ చెప్పేది, వాళ్ల అనుమతి తీసుకుని, ఫోన్‌లో రికార్డు చేసుకోండి. ఆ గదిలో విన్నది బయటకొచ్చేసరికి సగం గుర్తుండదు. అందరి ఫోన్లకూ మీరే సమాధానం చెప్పక్కర్లేదు, ఆ పని ఇంట్లో ఒకరికి అప్పగించండి.

"లావుగా ఉన్నందుకే వచ్చిందా?" అని అడుగుతారు. ఒంట్లో కొవ్వు ఎక్కువైతే ఈస్ట్రోజెన్ అనే హార్మోన్ పెరుగుతుంది. దాన్ని అదుపు చేసే ప్రొజెస్టెరాన్ అనే ఇంకో హార్మోన్ తగినంత లేకపోతే గర్భసంచి లోపలి పొర పెరుగుతూ పోతుంది. షుగర్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య), రొమ్ము క్యాన్సర్‌కు వాడే టామాక్సిఫెన్ మాత్రలూ ముప్పు పెంచుతాయి. కానీ ముప్పు వేరు, తప్పు వేరు. సన్నగా ఉన్నవాళ్లకూ ఇది వస్తుంది. మీకు ఈ జబ్బు రావడం మీరు చేసిన నేరం కాదు, ఆ మాట అనే హక్కు ఎవరికీ ఇవ్వకండి. ఇది భర్తకు అంటుకోదు, కలయిక వల్ల వచ్చేదీ కాదు.

పిల్లలు కావాలనుకునేవాళ్లు ఆ మాట ఆపరేషన్‌కు ముందే చెప్పాలి. గ్రేడు 1 అయ్యి, లోపలి పొర దాటని కొందరికి ప్రొజెస్టెరాన్ మందులతోనో, గర్భసంచిలో ఉండి ఆ హార్మోన్‌ను విడుదల చేసే లూప్‌తోనో చికిత్స చేసి, కొన్ని నెలలకోసారి బయాప్సీ చేస్తూ కొంతకాలం ఆగవచ్చు. అందరికీ కుదరదు. కుదరదని తేలినప్పుడు కలిగే దుఃఖాన్ని "ప్రాణం దక్కింది కదా" అని కొట్టిపారేయకండి.

ఆపరేషన్‌లో గర్భసంచితో పాటు సాధారణంగా ట్యూబులు, అండాశయాలూ తీస్తారు. తొలిదశలో ఎక్కువమందికి లాపరోస్కోపీతోనే అవుతుంది, మర్నాటికి నడిపిస్తారు. అప్పటిదాకా నెలసరి వస్తున్నవాళ్లకు మెనోపాజ్ ఒక్కసారిగా వచ్చిపడుతుంది. వేడి ఆవిర్లు, చెమటలు, ఊరికే కోపం, యోని పొడిబారడం. ఆ చివరిది సిగ్గుపడి ఎవరూ అడగరు. అడగండి, దానికి వైద్యం ఉంది. రేడియేషన్ తర్వాత యోని బిగుసుకుపోకుండా డైలేటర్ అనే నున్నటి గొట్టంలాంటి సాధనం వాడటం కూడా నేర్పిస్తారు.

ఇంటివాళ్లకు ఒక మాట. ఆపరేషన్ బాగా జరిగింది, ఇక అయిపోయిందని మీరు ఊపిరి పీల్చుకున్న వేళకే ఆవిడ ఏడవడం మొదలుపెట్టొచ్చు. అన్నాళ్లూ పరీక్షల హడావుడిలో ఆగిన ఏడుపది. పక్కన కూర్చోండి. ఆ కుంగుబాటు వారాల తరబడి వదలకపోతే సైకియాట్రిస్టునో, కౌన్సెలర్‌నో కలవండి.

ఇంకొకటి, కణితికి ఎంఎంఆర్ పరీక్ష చేశారా అని అడగండి. కణాల్లో డీఎన్‌ఏ తప్పులు సరిదిద్దే ప్రొటీన్లు ఉన్నాయో లేదో అది చూస్తుంది, జబ్బు వంశపారంపర్యంగా వచ్చిందేమోనన్న అనుమానం దానితోనే మొదలవుతుంది. ఈ క్యాన్సర్ వచ్చిన నూరు మందిలో సుమారు ముగ్గురికి లించ్ సిండ్రోమ్ అనే వంశపారంపర్య కారణం ఉంటుంది. ఉంటే తోబుట్టువులకు, పిల్లలకు పేగు క్యాన్సర్ పరీక్షలు ముందుగా మొదలుపెట్టొచ్చు.

వైద్యం పూర్తయ్యాక మొదటి రెండు మూడేళ్లు కొన్ని నెలలకోసారి చెకప్ ఉంటుంది. చెకప్ ముందురోజు గుండె దడ దాదాపు అందరికీ ఉంటుంది. మళ్లీ రక్తం కనిపించినా, తగ్గని పొత్తికడుపు నొప్పి వచ్చినా, కాలు వాచినా ఆ తేదీ కోసం ఆగకండి, వెంటనే ఫోన్ చేయండి.

ఇప్పుడు మీ ప్రశ్నలు. అందరి ముందు అడగలేనివి చీటీ మీద రాసి పంపండి, పేరు అక్కర్లేదు.