నియమం తప్పినా కోపమే, ముఖం మారినా కోపమే

సభకు నమస్కారం.

కొత్త సైన్స్ ఫిక్షన్ ధారావాహికో ఫాంటసీ ధారావాహికో మొదలైతే చాలు, తొలి ఎపిసోడ్ ముగిసేలోపే అభిమానులు తీర్పు చెప్పేస్తారనీ, అందులో ఆవేశమే తప్ప ఆలోచన ఉండదనీ తరచుగా వింటూ ఉంటాం. ఆ మాట నేను అంత తేలికగా అనలేను. వారి కోపం ప్రధానంగా రెండు రకాలు. కథాలోకపు నియమం తప్పిందన్నది ఒకటి, తెలిసిన పాత్ర ముఖం మారిందన్నది రెండోది. మొదటి విషయంలో న్యాయం సాధారణంగా అభిమానుల వైపే ఉంటుంది. రెండోదానిలో వారు తరచుగా పొరబడ్డారు.

పోలీసు కథో కుటుంబ కథో చూసేవారికి ఆ ప్రపంచం ముందే తెలుసు. ఫాంటసీలో అలా కాదు. ఏ కోటకు ఏది ఎంత దూరం, మంత్రానికి చెల్లించవలసిన మూల్యం ఏమిటి అన్నవన్నీ ప్రేక్షకుడు కూర్చుని నేర్చుకోవాలి. ఆ శ్రమ పడినవాడికి ఆ లోకంలో కొంత వాటా ఉన్నట్టే అనిపిస్తుంది. ‘గేమ్ ఆఫ్ థ్రోన్స్’ తొలి సీజన్లలో ఒక ఊరి నుంచి మరో ఊరికి ప్రయాణమంటే కొన్ని ఎపిసోడ్ల కథ. 2017లో వచ్చిన ఏడో సీజన్‌లో మాత్రం ఒక చిన్న దండు గడ్డకట్టిన సరస్సు నడుమ శవసైన్యానికి చిక్కుతుంది. అందులో ఒకడు రాజ్యపు ఉత్తర సరిహద్దున ఉన్న గోడ దాకా పరుగెత్తాలి, అక్కడి నుంచి కాకి సందేశం మోసుకుని దక్షిణాన ఎక్కడో ఉన్న దీవికి చేరాలి, ఆపై రాణి డ్రాగన్ల మీద ఉత్తరానికి రావాలి. ఇవన్నీ ఆ దండు బతికి ఉండగానే జరిగిపోయాయి. అభిమానులు దూరాలు కొలిచి, కాకి వేగం లెక్కగట్టి, ఇది కుదరదన్నారు. కాలగణన కాస్త అస్పష్టంగానే ఉందని దర్శకుడూ తరువాత ఒప్పుకున్నాడు. లెక్కలు వేసేవారిని చూసి నవ్వినవాళ్ళున్నారు. నాకైతే, రచయితలే నేర్పిన పాఠాన్ని వాళ్ళకు అప్పజెప్పినట్టు అనిపించింది. 2019లో చివరి సీజన్‌ను మళ్ళీ తీయాలన్న విన్నపం మీద పది లక్షలకు పైగా సంతకాలు పడ్డాయి. ఆ కోరిక అతిశయమే, కాని దాని వెనుక ఉన్న కోపం ఒక్క రాత్రిలో పుట్టినది కాదు.

ఇక ముఖాల సంగతి. 1968లో ఉత్తరాల వెల్లువతో అంతరిక్ష నౌక కథ ‘స్టార్ ట్రెక్’ను మూడో సీజన్ దాకా నిలబెట్టుకున్న అభిమానులకు, 1987లో పాత కథానాయకులు కిర్క్, స్పాక్ లేకుండా అదే పేరుతో కొత్త ధారావాహిక వస్తుందంటే సహించలేకపోవడం సహజమే. అందులోని బట్టతల కెప్టెన్‌ను చాలామంది అనుమానంగా చూశారు. మొదటి సీజన్ నిజంగానే తడబడింది కూడా. అయితే 1990 జూన్‌లో అదే కెప్టెన్ పికార్డ్ శత్రువులకు చిక్కి, వారిలో ఒకడిగా మారిపోయిన ఘట్టం దగ్గర సీజన్ ఆగిపోయినప్పుడు, అతనికి ఏమవుతుందోనని వేసవంతా బెంగపడింది కూడా అభిమానులే. 2003లో ‘బ్యాటిల్‌స్టార్ గలాక్టికా’ కొత్త రూపంలో, పాతదానిలో పురుషుడైన స్టార్‌బక్ పాత్రను స్త్రీని చేసినందుకు ఎంత గగ్గోలు పుట్టిందో, తరువాత ఆ పాత్రే ఎందరికో అంతగా ప్రీతిపాత్రమైంది.

అన్నిటికన్నా విచిత్రం, ‘డాక్టర్’ అనే కాలయాత్రికుడు నాయకుడిగా ఉన్న బ్రిటిష్ ధారావాహిక ‘డాక్టర్ హూ’. 1966లో ప్రధాన నటుడు ఆరోగ్యం క్షీణించి తప్పుకోవలసి రాగా, నాయకుడు మరణం అంచున దేహం మార్చుకుంటాడన్న ఉపాయం నిర్మాతలకు తట్టింది. అంటే అక్కడ ముఖం మారడమే నియమం. 2017లో పదమూడవ డాక్టర్‌గా ఒక స్త్రీని ప్రకటించినప్పుడు అభ్యంతరపెట్టినవారు, తాము కాపాడుతున్నామనుకున్న నియమాన్నే మరిచిపోయారని నా అభిప్రాయం. నటుల ఒంటి రంగును బట్టి దూషించేవారిని ఈ లెక్కలో చేర్చను. అది విమర్శే కాదు.

ఒక్క విషయంలో మాత్రం నేటి అభిమానుల పట్ల నాకు సానుభూతి ఉంది. కొత్త ముఖం అలవాటు కావడానికి కాలం పడుతుంది. పికార్డ్‌కు మొదటి సీజన్‌లోనే 26 ఎపిసోడ్లు దొరికాయి. 2022లో వచ్చిన ‘ది రింగ్స్ ఆఫ్ పవర్’ తొలి సీజన్‌కు దొరికినవి 8. కొన్ని ధారావాహికల ఎపిసోడ్లన్నీ ఒకే రోజు విడుదలవుతున్నాయి, వాటి మీద తీర్పుకు మిగిలేది ఒక్క వారాంతం.