'వెయ్యి'ని ఇంగ్లీషులో ఏమంటారు?

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్ళకి వినబడుతోందా అండి? లైబ్రరీలో మైకు పట్టుకుని మాట్లాడటం నాకే విచిత్రంగా ఉంది, చిన్నప్పుడు ఇలాంటి గదిలో కొంచెం గట్టిగా దగ్గినా లైబ్రేరియన్ గారు కళ్ళజోడు పైనుంచి ఒక చూపు చూసేవారు.

నన్ను పిలిచిన వాళ్ళు "రోజూ వాడే ఇంగ్లీషు మాటలు, వాటి అర్థాలు, ఉదాహరణ వాక్యాలు చెప్పండి మేడమ్" అన్నారు. ఒక వంద మాటలు జిరాక్సు తీయించి తలా ఒకటి ఇచ్చి వెళ్ళిపోవచ్చు. కానీ అలాంటి కాయితాలు మీ ఇళ్ళల్లో ఇప్పటికే ఉండుంటాయి, ముప్పై రోజుల్లో ఇంగ్లీషు నేర్పే పుస్తకాలూ ఉండుంటాయి. మొదటి నాలుగు పేజీలు నలిగి, మిగతావి కొత్తగా ఉంటాయి. మా ఇంట్లోనూ అంతే. అందుకని ముందు నా పరువు నేనే తీసుకునే కథ ఒకటి చెప్తాను.

నాది ఇంటర్ దాకా తెలుగు మీడియం. డిగ్రీ అయ్యాక హైదరాబాద్‌లో ఒక పళ్ళ డాక్టరు గారి క్లినిక్‌లో రిసెప్షన్‌లో చేరాను. రెండో రోజో మూడో రోజో, మధ్యాహ్నం 3 గంటల అపాయింట్‌మెంట్ ఉన్న ఒకావిడ ఫోన్ చేసి, "ఐయామ్ రన్నింగ్ లేట్, కుడ్ యు పుష్ మై అపాయింట్‌మెంట్ టు ఫోర్?" అంది. రన్నింగ్ తెలుసు. లేట్ తెలుసు, అది తెలియని తెలుగువాళ్ళు ఉండరు. పుష్ అయితే మా క్లినిక్ తలుపు మీదే రాసుంది, రోజూ తోసుకునే లోపలికి వస్తున్నాను. మూడూ కలిపి నాకు అర్థమైందేంటంటే, ఆవిడ ఆలస్యమైపోతోందని పరిగెత్తుకుంటూ వస్తోంది, ముందున్న నలుగురినీ పక్కకి తోసి తనని లోపలికి పంపమంటోంది! నేను డాక్టరు గారి గదిలోకి పరిగెత్తి "సర్, ఎమర్జెన్సీ" అన్నాను. ఆయన టీ వదిలేసి చేతులు కడుక్కుని గ్లోవ్స్ తొడుక్కుని నిలబడ్డారు. బయట బెంచీ మీద పిప్పిపన్ను నొప్పితో బుగ్గ పట్టుకుని ఒక పెద్దాయన, ఆయన్ని ఆపేశాం. 3 అయింది, 3.30 అయింది. సరిగ్గా 4 గంటలకి ఆవిడ నింపాదిగా వచ్చి, పళ్ళు క్లీనింగ్ చేయించుకోవాలి అంది.

'రన్నింగ్ లేట్' అంటే అనుకున్న టైముకి రాలేకపోతున్నాను అని. అందులో పరుగూ లేదు పాడూ లేదు. 'పుష్ ఇట్ టు ఫోర్' అంటే 4 గంటలకి జరపండి అని. ఆ వాక్యంలో నాకు తెలియని మాట ఒక్కటీ లేదు, వాక్యం మాత్రం తెలియలేదు. ఈ రోజు నేను చెప్పబోయేదంతా ఈ ముక్క చుట్టూనే తిరుగుతుంది.

మనకి ఇంగ్లీషు మాటలు తక్కువ అని ఎవరైనా అంటే నమ్మకండి. "పొద్దున్నే బ్రష్ చేసి, టిఫిన్ తిని, బస్ మిస్ అయితే ఆటో బుక్ చేసి ఆఫీసుకెళ్ళా, లేట్ అయ్యానని మేనేజర్ సీరియస్ అయ్యాడు." ఇది ఇంగ్లీషు రాని మనిషి మాట్లాడే తెలుగు! లెక్కపెట్టండి, అందులో 10 ఇంగ్లీషు మాటలున్నాయి. కాకపోతే అవి మన ఇంటికొచ్చి, మన అన్నం తిని, మనవాళ్ళయిపోయాయి. మేనేజర్ సీరియస్ అయ్యాడంటే మనకి కోప్పడ్డాడని. ఇంగ్లీషులో 'ద మేనేజర్ బికేమ్ సీరియస్' అంటే నవ్వుతున్న మనిషి నవ్వడం ఆపాడని అర్థమవుతుంది తప్ప మనం తిట్లు తిన్నామని తెలియదు. 'గాట్ యాంగ్రీ విత్ మీ' అనాలి. "అలా అన్నానని ఫీల్ అయ్యింది" అంటాం, 'షి ఫెల్ట్' అని ఆపేస్తే ఎదుటివాళ్ళు ఇంకా ఎదురుచూస్తూ ఉంటారు, ఏం ఫీల్ అయ్యిందా అని. 'షి ఫెల్ట్ హర్ట్' అంటే పూర్తవుతుంది. డౌట్ కూడా చూడండి. అమెరికా వెళ్ళి మాస్టర్స్ చదివే మన పిల్లలు క్లాసులో చెయ్యెత్తి 'ఐ హ్యావ్ ఎ డౌట్' అంటే, పాఠం అర్థం కాలేదని కాకుండా, చెప్పినదాని మీద నమ్మకం లేదన్నట్టు వినబడే ప్రమాదం ఉంది. 'ఐ హ్యావ్ ఎ క్వశ్చన్' అంటే సరిపోతుంది. 'ఐ పాస్డ్ అవుట్ ఇన్ 2022' అంటే మన దగ్గర డిగ్రీ పూర్తి చేశానని, అక్కడ స్పృహ తప్పి పడిపోయానని. ఇంటర్వ్యూలో చెప్పాల్సింది 'ఐ గ్రాడ్యుయేటెడ్ ఇన్ 2022'.

అలాగని మనం మాటల్ని పాడు చేశామని సిగ్గుపడొద్దు. వాళ్ళేమన్నా తక్కువ తిన్నారా? మన పందికొక్కుని పట్టుకెళ్ళి 'బాండికూట్' చేసుకున్నారు, అది ఇంగ్లీషు నిఘంటువుల్లో తెలుగు నుంచి వచ్చిందనే ఉంటుంది, తర్వాత ఆస్ట్రేలియాలో ముక్కు పొడుగ్గా ఉన్న ఇంకేదో జంతువు కనిపిస్తే, అది పొట్టకి సంచి ఉండే జాతి, దానికీ అదే పేరు తగిలించారు. ఇక్కడ నరసాపురంలో కూర్చుని ఇది చెప్పకపోతే తప్పు, మన పక్కన మాధవాయపాలెం ఉంది కదా, ఈస్టిండియా కంపెనీ వాళ్ళు అక్కడ ఫ్యాక్టరీ పెట్టుకున్నారు. అప్పట్లో ఫ్యాక్టరీ అంటే మిషన్లు తిరిగేది కాదు, సరుకు కొని నిల్వ చేసుకునే వర్తక స్థావరం. అక్కడి నుంచి వెళ్ళిన నూలు బట్ట పేరు ఇంగ్లీషులో 'మడపొలం' అయింది. మన ఊరి పేరు వాళ్ళ నిఘంటువులో గుడ్డముక్కగా మిగిలింది. మాట ఊరు మారితే బుద్ధి మారుతుంది, అది దాని తప్పూ కాదు మన తప్పూ కాదు. ఏ ఊళ్ళో ఎలా ఉంటుందో తెలుసుకుంటే చాలు.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. 'వెయ్యి'ని ఇంగ్లీషులో ఏమంటారు? సంఖ్య కాదండి, వేయడం. ఎవరో 'పుట్' అన్నారు, ఇంకెవరో 'త్రో' అన్నారు. సరే, మన ఇళ్ళల్లో పొద్దున్న లేచింది మొదలు ఏమేం వేస్తామో చూడండి. గుమ్మం ముందు ముగ్గు వేస్తాం, 'డ్రా'. పెనం మీద దోసె వేస్తాం, 'మేక్'. చొక్కా వేసుకుంటాం, 'పుట్ ఆన్'. బీపీ మాత్ర వేసుకుంటాం, 'టేక్'. తలుపు వేస్తాం, 'క్లోజ్'. గదిలో చీకటిగా ఉంటే లైటు వేస్తాం, 'టర్న్ ఆన్'. గట్టు తగాదా వస్తే కోర్టులో కేసు వేస్తాం, 'ఫైల్'. ఐదేళ్ళకోసారి ఓటు వేస్తాం, 'కాస్ట్', మామూలు మాటల్లో 'వోట్' అన్నా చాలు. కుర్రాళ్ళు సినిమా హాల్లో ఈల వేస్తారు, 'విజిల్'. మనకి ఒకటే క్రియ, వాళ్ళకి తొమ్మిది! 'వెయ్యి అంటే పుట్' అని బట్టీపట్టిన పిల్లవాడు 'పుట్ ద డోర్' అంటాడు, 'ఐ పుట్ టాబ్లెట్' అంటాడు. వాడి తప్పేం లేదు, వాడికి మాట ఇచ్చారు, దాని చుట్టాలని పరిచయం చెయ్యలేదు.

అటునుంచి చూసినా ఇదే గొడవ. వాళ్ళ 'టేక్' తీసుకోండి. 'టేక్ ఎ సీట్' అంటే కుర్చీ ఇంటికి పట్టుకుపొమ్మని కాదు, కూర్చోండి అని. 'టేక్ ఎ ఫోటో', ఫోటో తియ్యి. 'టేక్ ద బస్', బస్సులో వెళ్ళు. 'ఇట్ టేక్స్ టెన్ మినిట్స్', పది నిమిషాలు పడుతుంది. తియ్యడం, వెళ్ళడం, పట్టడం, అన్నీ అందులోనే ఉన్నాయి.

తెలుగు నేర్చుకున్న సి.పి. బ్రౌన్ దొర కూడా ఈ బురదలో దిగినవాడే. ఆయన 1850ల్లో అచ్చువేయించిన నిఘంటువు తిరగేస్తే, మాటకి అర్థం చెప్పి ఊరుకోకుండా, మనవాళ్ళు దాన్ని దేనితో కలిపి ఎలా వాడతారో కూడా చూపిస్తూ పోతాడు. అలాగే మైకేల్ వెస్ట్ అని ఒకాయన, బ్రిటిష్ కాలంలో ఢాకాలో ఇంగ్లీషు నేర్పినాయన, 1953లో సుమారు 2000 ఇంగ్లీషు మాటల జాబితా ఒకటి తెచ్చాడు. మాటలు ఏరడం ఒక్కటే అయితే గొప్పేం కాదు, ఒక్కో మాటకి ఉన్న అర్థాల్లో ఏది ఎంత ఎక్కువగా వాడుకలో ఉందో కూడా అందులో వేశాడు. కష్టమైన పెద్ద మాటల వెనక పరిగెత్తే బదులు గెట్, టేక్, పుట్, రన్, కీప్ లాంటి పొట్టి మాటల్ని నాలుగు రకాలుగా వాడటం వస్తే రోజు గడిచిపోతుందని నా అనుభవం. పోటీ పరీక్షల కోసం ఎవరూ పలకని మాటలు నేర్చుకునే వాళ్ళని నేనేం అనను, అది వేరే యుద్ధం.

మన ఊళ్ళో లేసు అల్లే వాళ్ళు, అమ్మే వాళ్ళు చాలామంది ఉన్నారు, ఈ గదిలోనూ ఉన్నారు. నా సాయంత్రం క్లాసుకి వచ్చే ఒకావిడకి బయటి దేశం నుంచి ఒక కొనుగోలుదారు మెసేజ్ పెట్టాడు, 'కెన్ యు డూ ఎనీ బెటర్ ఆన్ ద ప్రైస్?' అని. ఆవిడకి 'బెటర్' అంటే ఇంకా మంచిది అని తెలుసు, 'ప్రైస్' అంటే ధర అని తెలుసు. ఇంకా మంచి ధర అంటే అమ్మేవాళ్ళకి మంచి ధరే కదా అనుకుని, టేబుల్ క్లాత్ మీద రెండు వందలు పెంచి పంపింది! అతను అడిగింది తగ్గించమని. నిజం చెప్పాలంటే నాకు ఆవిడ లెక్కే నచ్చింది, కానీ బేరం పోయేలా ఉందని ఇద్దరం కూర్చుని జవాబు రాశాం. 'దిస్ ఈజ్ ద బెస్ట్ ఐ కెన్ డూ', ఇంతకంటే తగ్గించలేను. ఆవిడ దాన్ని ఫోన్ కవరు వెనక రాసి పెట్టుకుంది. ఇప్పుడు చేపల మార్కెట్లో ఎవరైనా గీచి గీచి బేరమాడుతుంటే పక్కనుంచి అదే అంటోందట.

అప్పు సంగతి కూడా చెప్పేస్తాను, ఎందుకంటే ప్రతి బ్యాచ్‌లోనూ ఇది వస్తుంది. మనకి అప్పు ఒకటే, ఇస్తాం లేదా తీసుకుంటాం. ఇంగ్లీషులో తీసుకునేవాడు 'బారో' చేస్తాడు, ఇచ్చేవాడు 'లెండ్' చేస్తాడు. 'కెన్ ఐ బారో యువర్ పెన్?' 'కెన్ యు లెండ్ మీ ఫైవ్ హండ్రెడ్ రుపీస్?' 'కెన్ యు బారో మీ' అన్నామంటే అప్పు మాట దేవుడెరుగు, ఎవరు ఎవరికి ఇవ్వాలో తేలదు. 'బై', 'అంటిల్' కూడా అంతే. 'ఐ విల్ ఫినిష్ బై ఫ్రైడే', శుక్రవారం లోపు పూర్తి చేస్తాను. 'ఐ విల్ బీ హియర్ అంటిల్ ఫ్రైడే', శుక్రవారం దాకా ఇక్కడే ఉంటాను. లోపు, దాకా, ఈ రెండూ గుర్తుంటే తికమక ఉండదు.

మరి గుర్తు పెట్టుకోవడం ఎలా? నేను చేసేది చూపిస్తాను. ఇది స్వీటు డబ్బా, కాజాలది, కాజాలు అయిపోయాయి లెండి. లోపల అట్టముక్కలు అడ్డం పెట్టి మూడు గదులు చేశాను. ఈ కార్డులు పెళ్ళి శుభలేఖల వెనక వైపు కత్తిరించినవి, మన దగ్గర మాఘమాసం ఒక్కటి గడిస్తే ఏడాదికి సరిపడా అట్ట దొరుకుతుంది. కార్డుకి ఒక పక్క తెలుగు వాక్యం రాస్తాను. మాట కాదు, వాక్యం, అదీ మా ఇంట్లో నిజంగా అనుకునేది. ఇదిగో, "ఇప్పుడు కారు కొనే స్తోమత మాకు లేదు." వెనక్కి తిప్పితే, 'వి కాంట్ అఫోర్డ్ ఎ కార్ నౌ.' అఫోర్డ్ అంటే స్తోమత ఉండటం. ఇంకోటి, "మొదటి బస్సు తప్పిపోతే నా పని అయిపోయినట్టే", 'ఐ కాంట్ అఫోర్డ్ టు మిస్ ద ఫస్ట్ బస్.' ఇక్కడ డబ్బు లేదు, అయినా అదే మాట పనికొచ్చింది. ఇది, "గేదెని అమ్మడం మా నాన్నకి మనసొప్పలేదు", 'మై ఫాదర్ వాజ్ రిలక్టెంట్ టు సెల్ ద బఫెలో.' రిలక్టెంట్ అంటే వెనకాడటం, దాని తోక 'టు'. తోకతో సహా రాసుకోవాలి.

కొత్త కార్డు మొదటి గదిలో ఉంటుంది, రోజూ చూస్తాను. తప్పు లేకుండా చెప్పగలిగితే రెండో గదిలోకి, అది మూడు రోజులకోసారి. అక్కడా నెగ్గితే మూడోది, వారానికోసారి. తప్పితే మళ్ళీ మొదటికి, వైకుంఠపాళిలో పాము మింగినట్టు. ఇది నేను కనిపెట్టింది కాదు, 1970ల్లో సెబాస్టియన్ లైట్నర్ అనే ఆయన ఇలాంటి పెట్టె పద్ధతిని ప్రచారంలోకి తెచ్చాడు. అంతకు చాలా ముందే హెర్మన్ ఎబింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త అర్థంలేని అక్షరాల గుంపులు తనే బట్టీపట్టి, ఎంత సేపటికి ఎంత మర్చిపోతున్నాడో లెక్క రాసుకుని, 1885లో పుస్తకంగా అచ్చువేయించాడు. నేర్చిన కొద్ది గంటల్లోనే సగానికి పైగా జారిపోతోందని తేలింది. కాబట్టి నిన్న చదివింది ఇవాళ గుర్తు లేదని నెత్తి కొట్టుకోకండి. రోజుకి మూడు కార్డులు చాలు. పదిహేను రాసే వాళ్ళు వారంలో మానేస్తారు, చాలామందిని చూశాను.

కొన్నిటికి కార్డు వెనక ఒక్క మాట పట్టదు. మొహమాటానికి ఇంగ్లీషు అడిగితే నిఘంటువులు తలో మాటా చెప్తాయి, ఏదీ అతకదు. కానీ సందర్భం చెప్తే వాక్యం వచ్చేస్తుంది. "మొహమాటానికి పోయి ఒప్పుకున్నా", 'ఐ ఫెల్ట్ ఆక్వర్డ్ సేయింగ్ నో, సో ఐ అగ్రీడ్.' ఎంగిలి కూడా అంతే, "అది నా ఎంగిలి గ్లాసు" అనడానికి 'ఐ హ్యావ్ ఆల్రెడీ డ్రంక్ ఫ్రమ్ దట్ గ్లాస్' అని కథంతా చెప్పాలి. మాట లేకపోతే ఆగిపోకండి, జరిగింది చెప్పండి.

టైము అయిపోయిందని అటునుంచి సైగ చేస్తున్నారు. వెళ్ళేటప్పుడు బల్ల మీద ఖాళీ కార్డులు ఉన్నాయి, తలా పది తీసుకోండి. వచ్చే ఆదివారానికి 'పెట్టు' మీద రాసుకురండి. అన్నం పెట్టు, సంతకం పెట్టు, పిల్లకి పేరు పెట్టు, ఫోన్ పెట్టెయ్, ముహూర్తం పెట్టు, ఇలా మీ ఇంట్లో ఎన్ని ఉంటే అన్ని, ఒక్కోదానికి ఒక వాక్యం. బొట్టు పెట్టి పేరంటానికి పిలవడం మాత్రం ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నేను ఇప్పటికి నాలుగు కార్డులు రాసి చింపేశాను, ఎవరికైనా కుదిరితే ముందు నాకు చూపించండి.