ఫ్రింజ్ అంటే బోనస్ కాదండీ! అమెరికా ప్రభుత్వ పనుల్లో బిడ్ మునిగేది ఇక్కడే

నమస్కారం. అమెరికాలో ప్రభుత్వ నిర్మాణ పనులకు బిడ్ వేసేవాళ్లు "ప్రివేలింగ్ వేజ్ అంటే గంటకు ఇంత కనీస కూలి, అంతేగా?" అంటుంటారు. ఈ మాట విన్నప్పుడల్లా నాకు చిర్రెత్తుకొస్తుంది. అది ఒక అంకె కాదు, రెండు.

(స్క్రీన్ మీద: 40 + 20 = 60)

ఒక ఎలక్ట్రీషియన్‌ని తీసుకుందాం. లెక్క తేలిగ్గా ఉండాలని అంకెలు నేనే అనుకున్నాను: బేసిక్ రేటు, అంటే అసలు కూలి, గంటకు 40 డాలర్లు; ఫ్రింజ్, అంటే బీమా, పెన్షన్ లాంటి అదనపు ప్రయోజనాల వాటా, 20. అసలు రేట్లు కౌంటీని బట్టి, పనిని బట్టి కేంద్ర కార్మిక శాఖ ప్రకటిస్తుంది.

దీనికంతటికీ మూలం 1931 నాటి డేవిస్-బేకన్ చట్టం. న్యూయార్క్ ప్రతినిధి రాబర్ట్ బేకన్ నియోజకవర్గంలో ఒక కేంద్ర ఆస్పత్రి పనిని అలబామా కాంట్రాక్టర్ దక్కించుకుని, తక్కువ కూలికి అక్కడి నుంచే మనుషుల్ని తెచ్చాడు. ఆ వచ్చినవాళ్లు నల్లజాతి కార్మికులు. ఇలాంటివి ఆపాలనే బేకన్ ఈ చట్టం తెచ్చాడు. చట్టం మూలంలోనే వివక్ష ఉందన్న విమర్శ అందుకే వచ్చింది. అది తీసిపారేసే విమర్శ కాదు, కానీ దానికి వేరే వీడియో చేయాలి. కేంద్రం ఇచ్చే నిర్మాణ కాంట్రాక్టు 2,000 డాలర్లు దాటితే చాలు, ఈ చట్టం కిందికి వస్తుంది. అంటే దాదాపు అన్నీ వస్తాయి.

మళ్లీ మన ఎలక్ట్రీషియన్ దగ్గరికి. ఆ 20 ఇష్టముంటే ఇచ్చే బోనస్ కాదు, ఇవ్వాల్సిందే. ఆరోగ్య బీమా, పెన్షన్ రూపంలో ఇవ్వచ్చు, నగదుగా కూడా ఇవ్వచ్చు. మొత్తం 60 తేలాలి. చాలామంది "నగదే ఇచ్చేస్తే గొడవ ఉండదు" అనుకుంటారు. కానీ ఆ 20 జీతంలో కలిస్తే దాని మీద సోషల్ సెక్యూరిటీ, మెడికేర్‌లో యజమాని వాటా 7.65 శాతం పడుతుంది. గంటకు 1.53 డాలర్లు. 10,000 గంటల పనికి 15,300! అదే సొమ్ము సరైన పెన్షన్ ప్లాన్‌లోకి వెళ్తే ఆ పన్ను ఉండదు. కూలి రేటు అందరికీ ఒకటే కాబట్టి బిడ్డర్ల మధ్య తేడా ఇలాంటి చోట్లే వస్తుంది.

ఇప్పుడు అందరూ తప్పు చేసే లెక్క. ఈ ఎలక్ట్రీషియన్ బీమాకి మీరు ఏడాదికి 10,400 కడుతున్నారు. అతను 2,080 గంటలు పనిచేస్తే గంటకు 5 డాలర్లు. అందులో సగం గంటలే ప్రభుత్వ పని అనుకోండి. "అయితే గంటకు 10 చూపించుకుంటా" అంటే కుదరదు. ప్రైవేటు పని గంటలూ కలిపే భాగించాలి. ఫ్రింజ్ కింద మీకు 5 మాత్రమే లెక్కకొస్తుంది, మిగతా 15 ఇంకో రూపంలో ఇవ్వాలి. చట్టం ఎలాగూ కట్టమనే సోషల్ సెక్యూరిటీ వాటాని ఫ్రింజ్‌లో చూపించేవాళ్లూ ఉన్నారు! అది అసలే చెల్లదు.

ఓవర్‌టైమ్‌లో మాత్రం ఊరట ఉంది. ఒకటిన్నర రెట్లు 40కే, ఫ్రింజ్‌కి కాదు. 40కి ఒకటిన్నర రెట్లు 60, ప్లస్ ఫ్రింజ్ 20, అంటే 80. మొత్తం 60కి ఒకటిన్నర రెట్లు కట్టి 90 కాదు.

టైమ్ అయిపోతోంది, మిగతావి గబగబా చెప్పేస్తాను. వైరు లాగేవాణ్ని రికార్డులో లేబర్ అని రాస్తే కుదరదు, చేసే పనిని బట్టే రేటు. రెండు రకాల పని చేస్తే గంటలు విడివిడిగా రాయాలి, లేదంటే ఎక్కువ రేటే కట్టాలి. జీతం వారం వారం ఇవ్వాలి, సర్టిఫైడ్ పేరోల్, అంటే సరైనదేనని సంతకం పెట్టిన జీతాల లెక్క, కూడా వారం వారం పంపాలి. సబ్‌కాంట్రాక్టర్ ఎగ్గొడితే ప్రైమ్, అంటే అసలు కాంట్రాక్టర్, మెడకే చుట్టుకుంటుంది. కావాలని చేశారని తేలితే 3 ఏళ్లు కేంద్ర పనులకు దూరం. కాలిఫోర్నియా లాంటి రాష్ట్రాలకు సొంత చట్టాలున్నాయి, వాటి రేట్లు వేరు. కాబట్టి బిడ్ వేసేముందు వేజ్ డిటర్మినేషన్, అంటే కార్మిక శాఖ రేట్ల పట్టిక, తెరిచి, మీ కౌంటీ, మీ పని పక్కన ఉన్న రెండో కాలమ్, అదే ఫ్రింజ్, కూడా చదవండి.